భువనగిరి గుట్టా, హిమాలయమా: ఒక సంవాదం

కిలిమంజారో మీదో, ఎల్‌బ్రస్ మీదో జెండా పట్టుకుని నిలబడ్డ తెలుగు యువకుల ఫొటోలు మన పత్రికల జిల్లా పేజీల్లో ఇప్పుడు తరచూ కనిపిస్తున్నాయి. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కిన తరవాత ఈ ఆశ పల్లెలదాకా పాకింది. ఆశ మంచిదే. ఆ దారిలో తొలి అడుగు ఎక్కడ వెయ్యాలన్న దగ్గరే రెండు గట్టి అభిప్రాయాలున్నాయి. ఒక ఆరోహణ బృందంలో చేరి, సెలవురోజుల్లో దగ్గరలో ఉన్న గుట్టలు ఎక్కుతూ నెలల తరబడి ప్రాథమిక పాఠాలు నేర్చుకోవాలని ఒకరంటారు. అదంతా కాలయాపన, నేరుగా మంచుకొండల దగ్గరికే వెళ్ళాలని ఇంకొకరంటారు. ఈ రెండు పక్షాలనూ ఇక్కడ ఒక అక్క, ఒక తమ్ముడు వాదిస్తారు. ఇద్దరూ కల్పితులు; వాళ్ళు చెప్పే ఉదాహరణలు మాత్రం నిజంగా జరిగినవి. నాది అక్క పక్షం. అందుకే తమ్ముడి వాదాన్ని వీలైనంత బలంగా చెప్పించడం నా బాధ్యత అనుకున్నాను.

తమ్ముడు: అక్కా, ముందు ఎత్తు సంగతి చూద్దాం. తూర్పు కనుమల్లో ఎంత పెద్ద శిఖరమైనా 1,700 మీటర్లు దాటదు. భువనగిరి గుట్ట సుమారు 500 అడుగుల ఏకశిల. హిమాలయాల్లో 5,500 మీటర్ల ఎత్తుకు చేరేసరికి గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి పడిపోతుంది, ఎవరెస్ట్ కొనమీద మూడోవంతే మిగులుతుంది. మన గుట్టలమీద మంచు లేదు, హిమానీనదాల్లో నోళ్ళు తెరుచుకుని ఉండే పగుళ్ళు లేవు. ఐస్ యాక్స్ ఎలా పట్టుకోవాలో, బూట్లకు ఇనుప పళ్ళ క్రాంపన్లు కట్టుకుని ఎలా అడుగెయ్యాలో రాచకొండ ఎన్నిసార్లు ఎక్కినా తెలియదు. అలిపిరి నుంచి మెట్లెక్కి తిరుమల చేరేవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళంతా పర్వతారోహకులు అయిపోతారా? 1954లో మొదలైన డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థ ఉంది, 1965లో మొదలైన ఉత్తరకాశీ సంస్థ ఉంది. నాలుగు వారాల బేసిక్ కోర్సులో అసలు విద్య అక్కడే నేర్పుతుంటే, ఇక్కడ ఏడాదిపాటు ఆదివారాలు ఖర్చుపెట్టడం దేనికి?

అక్క: ఎత్తు విషయంలో నువ్వు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఎత్తుకు శరీరం అలవాటు పడటం ఎత్తులోనే జరగాలి. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెప్పే నియమం ఉంది చూడు, దానికి భువనగిరిలో ప్రత్యామ్నాయం లేదు. ఎంత దృఢంగా ఉన్నవాడికైనా ఎత్తుజబ్బు వస్తుంది, దానికి కండలతో పనిలేదు. కానీ ఎత్తు మనిషిలో ఇంకా దేన్ని దెబ్బతీస్తుందో ఆలోచించు. ప్రాణవాయువు తగ్గేకొద్దీ కాళ్ళతోపాటు బుద్ధీ మందగిస్తుంది. నిర్ణయం తప్పుతుంది, తప్పుతున్న సంగతి ఆ మనిషికే తెలియదు. మెదడులో నీరు చేరుతున్నవాడి నడక తూలుతుంది, మాట తడబడుతుంది. అది పక్కవాడికి ముందు కనిపిస్తుంది, అతను మాత్రం బాగానే ఉన్నానంటాడు. అలాంటి చోట కొత్తగా ఆలోచించి చేసే పనులు నిలవవు. ఒంటికి పట్టిన అలవాట్లే నిలుస్తాయి. ముడి వేశాక మళ్ళీ తడిమి చూసుకోవడం, పక్కవాడి హార్నెస్ బకిల్ ఒకసారి లాగి చూడటం, దాహం వెయ్యకముందే నీళ్ళు తాగడం, అనుకున్న వేళ దాటితే శిఖరం కళ్ళెదుట ఉన్నా వెనక్కి తిరగడం, ‘నాకు బాగాలేదు’ అని నోరు తెరిచి చెప్పడం. ఇవి ప్రాణం మీదికి వచ్చినప్పుడు నేర్చుకునేవి కావు. గాలి నిండుగా ఉండి, తప్పు చేస్తే మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయే చోట నేర్చుకోవాలి. మన గుట్టలు అందుకే పనికొస్తాయి. పూర్ణ నడిచిన వరుస చూడు. బాచినేపల్లి శేఖర్ బాబు దగ్గర భువనగిరి బండమీద మొదటి పాఠాలు, ఆ తరవాత డార్జిలింగ్, ఆ తరవాత లదాఖ్ చలి, అప్పుడు టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్. పద్నాలుగేళ్ళు నిండని పిల్లను శిఖరం దాకా తీసుకెళ్ళిన ఆ దారిలో భువనగిరిని ఎవరూ వదిలెయ్యలేదు.

తమ్ముడు: పూర్ణ కథ నీకు అనుకూలంగా కనిపిస్తుంది గానీ, దాన్ని ఇంకోలా కూడా చదవొచ్చు. భువనగిరిలో జరిగింది బోధన కన్నా ఏరివేత ఎక్కువ. గురుకుల పాఠశాలల్లోంచి చాలామంది పిల్లల్ని అక్కడికి తెచ్చారు, ధైర్యం ఉన్నవాళ్ళు తేలారు, చివరికి ఇద్దరు మిగిలారు. సహజంగా ఆ గుణం ఉన్నవాళ్ళను బండ బయటపెట్టిందే తప్ప తయారుచెయ్యలేదు అనొచ్చు. పైగా ఇప్పుడు రోజులు మారాయి. ఎవరెస్ట్ మీద కింది నుంచి పైదాకా షెర్పాలు తాళ్ళు బిగించి ఉంచుతారు. తాడుమీద పైకే జరిగే జుమార్ పట్టు తగిలించుకుని ఎక్కడమే మన పని. కిలిమంజారోకైతే తాడే అక్కర్లేదు, 5,895 మీటర్లూ నడకే. సామాను మోసేవాళ్ళుంటారు, వండిపెట్టేవాళ్ళుంటారు, దారి చూపేవాళ్ళుంటారు. డబ్బు కట్టి నిపుణుల చేతిలో పెట్టుకుంటున్నప్పుడు నేనూ నిపుణుణ్ణి కావాల్సిన అవసరమేమిటి?

అక్క: ఏరివేత కొంత జరిగిందనే ఒప్పుకుంటాను. అయితే పుట్టుకతో వచ్చిన ధైర్యం ఎక్కడానికి పనికొస్తుంది గానీ దిగడానికి చాలదు. 1921 నుంచి 2006 వరకు ఎవరెస్ట్ మీద జరిగిన మరణాలను వైద్యులు పరిశీలించి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఎనిమిది వేల మీటర్ల పైన చనిపోయిన ఆరోహకుల్లో ఎక్కువమంది దిగేటప్పుడే పోయారు. వాళ్ళు శిఖరం చేరింది ఆలస్యంగా. విపరీతమైన అలసట, మతి చెదరడం వాళ్ళలో ముందు కనిపించిన లక్షణాలు. ఇందులో షెర్పా చెయ్యగలిగింది కొంతే. నీ వేళ్ళు మొద్దుబారిన సంగతి నువ్వు చెబితేనే అతనికి తెలుస్తుంది. నీకు ఎంత శక్తి మిగిలిందో లెక్క నీ దగ్గరే ఉంటుంది, ఆ లెక్క తీసుకోవడం నేర్చుకున్నవాడికే అది అందుతుంది.

శిక్షణ నడకలో నిజంగా ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఈ మాట అర్థమవుతుంది. బయల్దేరే ముందు ఎవరి సంచిలో ఏముందో విప్పి చూపిస్తారు. బరువు కోసం నీళ్ళ సీసాలు మోయిస్తారు. శిఖరం మీద ఆ నీళ్ళు పారబోసి ఖాళీ సంచితో దిగనిస్తారు, ఎందుకంటే ఎక్కేటప్పుడు మోసే బరువు గుండెకు, తొడలకు మంచిది, దిగేటప్పుడు అదే బరువు మోకాళ్ళను తింటుంది. ముందు నడిచేవాడు తన సత్తా చూపించకూడదు. వెనకవాడు మాట్లాడుతూ నడవగలిగే వేగంలో నడవాలి. అందరికన్నా చివర అనుభవం ఉన్న ఒక మనిషి ఉంటాడు, అతన్ని దాటి ఎవరూ వెనకపడకూడదు. నిటారుగా ఉన్నచోట వెనక కాలు బిగించి, బరువు ఎముకమీద వేసి, ఒక్క క్షణం ఆగి ముందుకు కదిలే అడుగు నేర్పుతారు. దాన్నే రెస్ట్ స్టెప్ అంటారు, పెద్ద కొండలమీద గంటల తరబడి పనికొచ్చేది అదే. బండ దగ్గరికి వచ్చాక ఎనిమిది అంకె ముడి, క్లోవ్ హిచ్, ప్రూసిక్ వేయిస్తారు. కళ్ళు మూసుకుని, చేతి తొడుగులు వేసుకుని మళ్ళీ వేయిస్తారు. తాడుమీద దిగే ముందు తాడు కొసన ముడి వెయ్యకపోతే కదలనివ్వరు, తాడు కొస దాటి జారిపోయి చనిపోయిన అనుభవజ్ఞులు ప్రపంచంలో తక్కువేమీ కాదు మరి. మన బండల ప్రమాదాలు మనకున్నాయి. పొద్దెక్కితే రాయి కాలిపోతుంది, నీడ ఉండదు, వడదెబ్బ తగులుతుంది. కొండ తేనెటీగల పట్లు వేలాడే బండల దగ్గర అరుపులు, అత్తరు వాసనలు పనికిరావు. వీటిని పసిగట్టి దారి మార్చుకోవడం అలవాటైనవాడే రేపు మంచు చరియ కింద డేరా వెయ్యకూడదని ఎవరైనా చెబితే వింటాడు. ప్రమాదం రూపు మారుతుంది, చుట్టూ చూసి ఆగి ఆలోచించే పద్ధతి మారదు.

తమ్ముడు: బరువు మోయడం, మెట్లెక్కడం అంటున్నావు. అవి జిమ్‌లోనూ అవుతాయి కదా. మారథాన్లు పరిగెత్తేవాడికి గుట్టలు ఏం నేర్పుతాయి?

అక్క: గుండె, ఊపిరి విషయంలో కొత్తగా ఏమీ నేర్పకపోవచ్చు. జారే రాళ్ళమీద దిగడం, చీకట్లో తలదీపంతో దారి వెతకడం ట్రెడ్‌మిల్ మీద కుదరవు. అంతకన్నా పెద్ద సంగతి, జిమ్‌లో నీ వేగం నీది. కొండమీద నీ వేగం పక్కవాడి ప్రాణానికి సంబంధించినది.

తమ్ముడు: అయితే అసలు అభ్యంతరానికి వస్తాను. పక్కవాడు, బృందం అని ఇంత గొప్పగా చెబుతున్నావు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబునే తీసుకో. 2006లో జనవరి 19 నుంచి జులై 10 వరకు, 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు ఎత్తయిన శిఖరాలూ ఎక్కాడు. ఒంటరిగా తిరగడం ఆయన స్వభావంలోనే ఉంది. గుంపు కోసం ఆగి ఉంటే అలాంటి మనిషి తయారయ్యేవాడా? ఇక గుంపులు చేసే చెడు సంగతి. ఇయాన్ మెకమన్ అనే పరిశోధకుడు అమెరికాలో 1972 నుంచి 2003 దాకా మంచుచరియలు విరిగిపడి జరిగిన 715 ప్రమాదాలను పరిశీలించాడు. తెలిసిన చోటే కదా, ముందు కొందరు వెళ్ళారు కదా, ఇంతదూరం వచ్చాం కదా, నాయకుడికి తెలుసు కదా అనుకుంటూ ఎదుట కనిపిస్తున్న హెచ్చరికలను దాటుకుని వెళ్ళినవాళ్ళు వాటిలో ఎందరో ఉన్నారు. శిక్షణ పొందినవాళ్ళూ ఆ ఉచ్చుల్లో పడ్డారు. 1996 మే 10న ఎవరెస్ట్ మీద ఏమైంది? మధ్యాహ్నం రెండు దాటితే వెనక్కి రావాలన్నది అందరికీ తెలిసిన నియమం. సాయంత్రం నాలుగు ప్రాంతంలో కూడా ఒక సభ్యుడు శిఖరం చేరాడు, నాయకుడు అతనితోనే ఉండిపోయాడు. తుపానులో ఎనిమిదిమంది పోయారు, పేరుమోసిన ఇద్దరు నాయకులతో సహా. నలుగురిలో ఉన్నప్పుడు మనిషి తన సొంత బుద్ధిని పక్కన పెట్టేస్తాడు. ఆదివారాలు వెళ్ళి నువ్వు నేర్పేది ఆ గొర్రెదాటేనేమో.

అక్క: నువ్వు ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఇదే బలమైనది. అయినా 1996 సంగతి జాగ్రత్తగా చూడు. ఆ బృందాల్లో ఎక్కువమంది అంతకు కొన్ని వారాల ముందే ఒకరినొకరు చూసుకున్నవాళ్ళు. కలిసి నడిచిన చరిత్ర లేదు. ఆ యాత్రలో ఉండి ప్రాణాలతో బయటపడ్డ జాన్ క్రాకావర్ తన పుస్తకంలో ఈ సంగతి రాశాడు. పక్కవాళ్ళ శక్తి మీద నమ్మకం లేదనీ, గైడ్ మాట దాటకూడదని సభ్యులకు అలవాటు చేశారనీ ఆయన చెప్పాడు. అంటే అక్కడ ఉన్నది డబ్బు కట్టి ఒకచోట చేరిన అపరిచితులు. మెకమన్ చెప్పిన ఉచ్చుల్లో ఒకటి నాయకుడి మీద గుడ్డినమ్మకం. దానికి విరుగుడు ఒంటరితనం అనుకోను. ఒంటరిగా వెళ్ళేవాడికి ఆ ఉచ్చు ఉండదు గానీ, ఇంతదూరం వచ్చాం కదా అన్న ఉచ్చు అతన్నీ పట్టుకుంటుంది, ఆపే గొంతు మాత్రం ఉండదు. విరుగుడు ఏమిటంటే, నాయకుడిని ప్రశ్నించడం ఏ ప్రమాదమూ లేని రోజుల్లోనే అలవాటు చెయ్యడం. మంచి శిక్షణ నడకలో కొత్తగా వచ్చినవాళ్ళ చేత కూడా దారి ఎంచుకోమంటారు, వాళ్ళు తప్పు దారి పట్టినా కాసేపు నడవనిస్తారు. ‘ఇక్కడితో చాలు’ అన్నవాడిని ఎవరూ తక్కువగా చూడరు. చిన్న గుట్టమీద, పదిమంది ఎదుట, ఆ ఒక్క మాట అనలేకపోయినవాడు లక్షలు పోసి వెళ్ళిన శిఖరం కింద నిలబడి అంటాడని ఎలా నమ్మమంటావు?

వెనక్కి తిరగడం ఎలా ఉంటుందో టెన్సింగ్ జీవితంలో చూడు. 1952లో తోటి ఆరోహకుడు రేమండ్ లాంబర్ట్‌తో కలిసి దాదాపు 8,600 మీటర్ల దాకా వెళ్ళాడు. అప్పటికి ఎవరెస్ట్ మీద అంత పైకి వెళ్ళి తిరిగివచ్చినట్టు రూఢిగా తెలిసినవాళ్ళు లేరు. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. అయినా ఇక పైకి వెళితే దిగలేమని ఇద్దరికీ అర్థమైంది, తిరిగి వచ్చేశారు. మరుసటి ఏడాది మే 29న హిల్లరీతో శిఖరం మీద నిలబడ్డాడు. ఆ తిరిగిరావడం ఆ ఇద్దరూ వారాల తరబడి కలిసి నడిచి సంపాదించుకున్న అవగాహన వల్ల సాధ్యమైంది. మస్తాన్ బాబు విషయంలో నేను తీర్పు చెప్పను. అంత సాధన ఉన్న మనిషి తన ఇష్టంతో ఎంచుకున్న దారిని తప్పుపట్టే అర్హత మనకు లేదు. 2015 మార్చి 24న ఆండీస్‌లో ఒంటరిగా శిఖరానికి బయల్దేరిన ఆయన ఆచూకీ దొరకడానికి ఏప్రిల్ 3 వచ్చింది. ఒంటరితనం ఆయన ఆరోహణ జీవితంలో ఏళ్ళు గడిచాక ఎంచుకున్నది. ఇంకా ముడి వెయ్యడం రానివాడు ఆయన చివరి అధ్యాయాన్ని తన మొదటి అధ్యాయంగా తీసుకోవడం ఆయనను గౌరవించడం కాదు.

తమ్ముడు: సరే, ఒంటరితనం మొదటి పాఠం కాదని ఒప్పుకుంటాను. కానీ ఒక్క తేదీ నీ వాదన మొత్తాన్ని కదిలిస్తుంది. 2022 అక్టోబర్ 4. ఉత్తరకాశీ సంస్థ శిక్షణ బృందం ద్రౌపదీ కా డాండా శిఖరం మీద ఉండగా మంచుచరియ విరిగిపడింది. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి ఆచూకీ దొరకలేదు. చనిపోయిన శిక్షకుల్లో సవితా కన్‌స్వాల్ ఉంది. ఆ ఏడాది మేలోనే ఎవరెస్టూ, మకాలూ 16 రోజుల తేడాలో ఎక్కిన అమ్మాయి. వాళ్ళకు బృందం ఉంది, క్రమశిక్షణ ఉంది, తాళ్ళున్నాయి, గురువులున్నారు. ఏదీ కాపాడలేదు.

అక్క: కాపాడలేదు. దీనికి నా దగ్గర తిరుగులేని జవాబు లేదు, ఉందని చెబితే ఆ పోయినవాళ్ళకు అన్యాయం చేసినట్టే. శిక్షణ ప్రాణానికి హామీ అని ఎవరు చెప్పినా నమ్మకు. కొండమీద రెండు రకాల ప్రమాదాలుంటాయి. కొన్ని కొండవి: విరిగిపడే మంచు, రాలే రాళ్ళు, హఠాత్తుగా మారే గాలి. కొన్ని మనవి: సరిగా వెయ్యని ముడి, దాచిపెట్టిన తలనొప్పి, ఆలస్యమైనా ఆగని కాళ్ళు. శిక్షణ రెండో రకాన్ని బాగా తగ్గిస్తుంది, మొదటి రకాన్ని గుర్తుపట్టడం కొంతవరకే నేర్పుతుంది, మిగిలినదాన్ని ఏమీ చెయ్యలేదు. అందుకే ఈ విద్యలోకి వచ్చేవాడు ఆ మిగిలినదాన్ని తెలిసి ఒప్పుకుని రావాలి. కిలిమంజారో ప్యాకేజీ కొన్నవాడికి ఆ ఒప్పుకోలుకు సమయం దొరకదు. నెలల తరబడి నడిచేవాడికి తాను ఎంత ప్రమాదాన్ని భరించగలడో, ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పి వెళ్ళాలో ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. కొందరు ఆ ఆలోచనలోనే నాకు ఎత్తయిన కొండలు వద్దు, ఈ గుట్టలే చాలు అని తేల్చుకుంటారు. శిక్షణ నడకలు ఇచ్చే గొప్ప ఫలితాల్లో దాన్ని కూడా ఒకటిగా లెక్కపెడతాను.

తమ్ముడు: నువ్వు చెప్పే బృందం ఉంటే చేరతాను. నాకు కనిపించేవాటిలో సగం పిక్నిక్‌లే. టీషర్టు, టిఫిన్, డ్రోన్ వీడియో, సర్టిఫికెట్. తాడు ముట్టుకోకుండానే పర్వతారోహకుడని పేరు వచ్చేస్తోంది. అలాంటివాటిలో నేర్చుకునేది ఏముంది?

అక్క: ఏమీ లేదు. వాటిని సమర్థించను. బృందం ఎలా ఉండాలో చూడాలంటే సియాటెల్ వెళ్ళిన మనవాళ్ళను అడుగు, ఆ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ 1906లో పుట్టిన ‘ది మౌంటెనీర్స్’ అనే సంఘం 1930ల నుంచి ఆరోహణ కోర్సు నడుపుతోంది. ఆ పాఠాలు పెరిగి పెరిగి 1960లో ‘ఫ్రీడమ్ ఆఫ్ ది హిల్స్’ అనే పుస్తకమయ్యాయి, ఆంగ్లం చదివే ఆరోహకులకు ఇప్పటికీ అదే పాఠ్యపుస్తకం. నేర్పేవాళ్ళలో ఎక్కువమంది జీతం తీసుకోని స్వచ్ఛంద సభ్యులు. నిన్న నేర్చుకున్నవాళ్ళే ఈ రోజు నేర్పుతారు. 4,392 మీటర్ల రైనియర్ మీదికి వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు మౌంట్ సై లాంటి చిన్న కొండలమీద బరువు మోస్తూ నెలలు గడుపుతారు. మంచుపర్వతం కిటికీలోంచి కనిపించే ఊళ్ళోనే అలా చేస్తున్నారంటే, మంచు వెయ్యి మైళ్ళ దూరంలో ఉన్న మనకు అది ఇంకా అవసరం. హైదరాబాద్ చుట్టూ 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ బండలున్నాయి. క్వారీలు మింగినవి పోను మిగిలినవాటికి దగ్గరగా ఇంత జనాభా, ఇంత యువత ఉన్న నగరాలు దేశంలో ఎన్ని?

తమ్ముడు: కిలిమంజారో ఆలోచన మానుకోను. ఏడాది వాయిదా వేస్తాను. ఆ ఏడాదిలో డార్జిలింగ్ కోర్సుకు కూడా దరఖాస్తు పెడతాను.

అక్క: పెట్టు. ఆ కోర్సులో ఏ గ్రేడు వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకు అర్హత. అక్కడికి వెళ్ళేసరికి నడక, ముడులు, బరువు నీకు కొత్త కాకపోతే ఆ నాలుగు వారాలూ మంచు నేర్చుకోవడానికే మిగులుతాయి.

ఇంతవరకు ఇద్దరి మాటలూ విన్న పాఠకులకు నా వైపు నుంచి ఒక మనవి. మీరో, మీ పిల్లలో ఏదైనా ఆరోహణ బృందంలో చేరబోతుంటే డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మధ్యలో వెనక్కి తిరగాలని ఎవరు, ఏ లెక్కన నిర్ణయిస్తారు? అందరికన్నా చివర నడిచేది ఎవరు, ఆ మనిషికి ప్రథమ చికిత్స వచ్చా? కొత్తగా వచ్చినవాడు ఒక చోట ‘నేను ఎక్కను’ అంటే ఏం చేస్తారు? మూడింటికీ సూటిగా జవాబు చెప్పలేని బృందంతో వెళ్ళకండి, మీ పిల్లల్ని పంపకండి.